తిరగాల్సింది నడుము కాదు, తుంటి

ప్రశ్న: నా వయసు 46. గోల్ఫ్ మొదలుపెట్టి నాలుగేళ్లయింది. కుడిచేతి వాటం, హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మెరుగు) 22. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. నాతో ఆడేవాళ్లందరిదీ ఒకటే మాట: "నీ హిప్స్ కదలడం లేదు, అన్నీ చేతులతోనే కొడుతున్నావు." వీడియో తీసి చూసుకుంటే నిజమేననిపించింది. అప్పటినుంచి డౌన్‌స్వింగ్ (పైకెత్తిన క్లబ్‌ను బంతి మీదికి దించడం) మొదలవగానే నడుమును వీలైనంత వేగంగా తిప్పుతున్నాను. స్లైస్ (బంతి గాలిలో కుడికి వంగిపోవడం) తగ్గకపోగా ఇంకా పెరిగింది. నెలరోజులుగా ఐరన్లతో (ఇనుప తల ఉన్న క్లబ్‌లతో) షాంక్‌లు, అంటే బంతి క్లబ్ మెడకు తగిలి పక్కకు పోయే షాట్లు, కూడా పడుతున్నాయి. రేంజ్‌లో (ప్రాక్టీసు మైదానంలో) గంటసేపు కొడితే మర్నాడు నడుము పట్టేస్తోంది. నేను చేస్తున్న తప్పేంటి? వ్యాయామాలేమైనా ఉన్నాయా? ఎన్నాళ్లకు మార్పు వస్తుంది? డ్రైవర్ (దూరం కొట్టే పొడుగాటి క్లబ్) మారిస్తే ఉపయోగం ఉంటుందా?

సమాధానం: మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. వాళ్లు "హిప్స్" అన్నారు, మీరు "నడుము" తిప్పారు. మీ కష్టాల్లో సగం ఈ రెండు మాటల మధ్యే ఉంది.

మనం మాటల్లో రెండింటినీ ఒకటిగానే వాడేస్తాం. శరీరానికి మాత్రం అవి వేరువేరు. నడుము అంటే పక్కటెముకలకూ కటి ఎముకకూ (పెల్విస్) మధ్య ఉండే భాగం. అక్కడ ఉన్నవి 5 వెన్నుపూసలు. ముందుకీ వెనక్కీ వంగడానికి అవి బాగా పనికొస్తాయి, మెలి తిరగడానికి మాత్రం పనికిరావు. ఐదూ కలిసినా ఒక పక్కకు పది పదిహేను డిగ్రీలకు మించి తిరగలేవు. తుంటి దానికి కింద ఉంటుంది. తొడ ఎముక పైన గుండ్రటి తల ఉంటుంది, అది కటి ఎముకలోని గుంటలో కూర్చుంటుంది. గిన్నెలో బంతిలా అన్ని వైపులకూ తిరగడానికే ఆ కీలు ఉంది. ఆరోగ్యంగా ఉన్న తుంటి లోపలి వైపుకే 30 నుంచి 45 డిగ్రీల దాకా తిరుగుతుంది. స్వింగ్‌లో తిరగాల్సింది అక్కడ. దానికి బదులు మీరు వెన్నుపూసల్ని మెలిపెడుతున్నారు. మర్నాడు నొప్పి రావడంలో ఆశ్చర్యం లేదు.

కీలు ఎక్కడుందో ముందు చేత్తో పట్టుకుని చూడండి. నిలబడి ఒక మోకాలిని పైకెత్తండి. తొడా పొట్టా కలిసేచోట ఒక మడత పడుతుంది కదా, ఆ మడతకు వెనకాల లోతులో ఉంటుంది తుంటి కీలు. బెల్టు కట్టుకునే చోటుకు అది బాగా కింద. చాలామంది అమెచ్యూర్లకు ఈ ఒక్క సంగతి తెలియగానే స్టాన్స్ (బంతి ముందు నిలబడే తీరు) మారిపోవడం చూశాను. అప్పటిదాకా వీపు వంచి బంతి మీదికి వాలేవాళ్లు, ఆ మడత దగ్గర వంగి పిరుదుల్ని వెనక్కి పంపడం మొదలుపెడతారు. తలుపు తిరిగేది కీలు దగ్గర, చెక్క మధ్యలో కాదు. మన వంగడమూ అంతే.

ఇప్పుడు మంచి స్వింగ్‌లో ఏం జరుగుతుందో చెప్తాను. బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ను వెనక్కి ఎత్తడం) పైకి చేరేసరికి భుజాలు దాదాపు 90 డిగ్రీలు తిరిగితే కటి సుమారు 45 డిగ్రీలు తిరుగుతుంది. ఇంపాక్ట్ సమయానికి, అంటే క్లబ్ బంతిని తాకే క్షణానికి, ప్రొఫెషనల్ కటి అప్పటికే టార్గెట్ వైపు 40 డిగ్రీల దాకా తెరుచుకుని ఉంటుంది, ఛాతీ దాని వెనకాల వస్తూ ఉంటుంది. అమెచ్యూర్లలో చాలామందికి కటి అక్కడ ఇంకా బంతి వైపే చూస్తూ ఉంటుంది. మీ మిత్రులు చూసింది ఇదే. చూసిన విషయం సరైనదే, దానికి చెప్పిన మందు తప్పు.

ఎందుకంటే ఆ 40 డిగ్రీలు వేగంతో వచ్చినవి కావు. డౌన్‌స్వింగ్ మొత్తం సుమారు పావు సెకనులో అయిపోతుంది. ఆ పావు సెకనులో కింద నుంచి పైకి ఒక వరస నడుస్తుంది. ముందు బరువు ఎడమ కాలి మీదికి వస్తుంది, తర్వాత కటి తిరుగుతుంది, దాని వెనక ఛాతీ, తర్వాత చేతులు, అన్నిటికన్నా చివర క్లబ్. కొరడా ఝళిపించినట్టన్నమాట. పిడి ముందు కదిలి ముందే నెమ్మదిస్తుంది, ఆ వేగమంతా కొసకు చేరుతుంది. ఈ వరసలో మొదటి మెట్టు బరువు. అది ఎడమ కాలి మీదికి చేరకముందే కటిని తిప్పితే మీరు కుడి కాలి మీద నిలబడి బొంగరంలా గిర్రున తిరుగుతారు. కటితో పాటు భుజాలూ తిరుగుతాయి, భుజాలతో పాటు చేతులు బయటికి విసురుకుంటాయి, క్లబ్ బయటి నుంచి లోపలికి కోస్తూ వస్తుంది. స్లైస్ కొట్టేవాడికి "హిప్స్ ఫాస్ట్‌గా తిప్పు" అని చెప్పడం కన్నా చేటు సలహా గోల్ఫ్‌లో ఇంకొకటి లేదని నా గట్టి అభిప్రాయం.

స్లైస్ పెరగడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. అది క్లబ్ ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం. ఫేస్ తెరుచుకుని, అంటే టార్గెట్‌కు కుడివైపు చూస్తూ, కిందికి వస్తుంటే మీ మెదడుకు ఆ సంగతి తెలుస్తుంది. దాన్ని మూయడానికి చేతులకు కొంత టైమ్ కావాలి. ఆ టైమ్ ఇవ్వడానికి శరీరం తనంతట తానే కటిని ఆపేస్తుంది. అంటే మీ హిప్స్ బద్ధకంగా ఏమీ లేవు, తెరుచుకున్న ఫేస్‌ను కాపాడటానికి ఆగుతున్నాయి. అలా ఆగినదాన్ని మీరు బలవంతంగా తిప్పితే చేతులకు మూసే వ్యవధి లేక ఫేస్ తెరిచే ఉంటుంది, బంతి ఇంకా కుడికి పోతుంది. మీరు రాసింది అచ్చంగా ఇదే. అమెరికన్ గోల్ఫర్ డస్టిన్ జాన్సన్ స్వింగ్ చూసే ఉంటారు. బ్యాక్‌స్వింగ్ పైన అతని ఎడమ మణికట్టు బయటికి ఉబ్బినట్టు వంగి ఉంటుంది, దాంతో ఫేస్ ముందే మూసుకుని ఉంటుంది. అందుకే అతను ఇంపాక్ట్‌లో కటిని అంతగా తెరవగలడు. తెరవకపోతే బంతి ఎడమకు పోతుంది మరి. ఆ మణికట్టును అనుకరించమని చెప్పడం లేదు. ఫేస్‌కూ కటికీ ఉన్న సంబంధం చూడమంటున్నాను.

కాబట్టి మొదటి పని గ్రిప్ చూసుకోవడం. బంతి ముందు నిలబడి కిందికి చూస్తే ఎడమ చేతి వేళ్ల గుబ్బలు కనీసం రెండు, వీలైతే రెండున్నర కనిపించాలి. ఒక్కటే కనిపిస్తుంటే చేతిని కొంచెం కుడి వైపుకు తిప్పి పట్టుకోండి. రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పడే గీత కుడి భుజం వైపు చూపించాలి. మొదటి రెండు వారాలు ఎబ్బెట్టుగా ఉంటుంది, బంతులు ఎడమకు పోతాయి. పోనివ్వండి. ఎడమకు పోతోందంటే ఇక కటి తిరగడానికి ఒక అవసరం ఏర్పడిందన్నమాట. గ్రిప్ సరిచేయకుండా కింద చెప్పబోయే డ్రిల్స్ ఎన్ని చేసినా అవి రేంజ్‌లో మిగిలిపోతాయి, కోర్సులోకి రావు.

ఇక షాంక్. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మనసును అన్నిటికన్నా ఎక్కువ కుంగదీసే షాట్ ఇదే. డౌన్‌స్వింగ్‌లో కటి వెనక్కి తిరగడానికి బదులు బంతి వైపుకు తోసుకొస్తుంది. కాళ్లు నిటారవుతాయి, వీపు లేస్తుంది. గోల్ఫ్‌లో దీన్ని ఎర్లీ ఎక్స్‌టెన్షన్ అంటారు. కటి ముందుకొస్తే చేతులు వెళ్లాల్సిన దారి మూసుకుపోతుంది. అవి బయటి వైపుకు జరుగుతాయి, వాటితో పాటు క్లబ్ మెడ బంతికి ఎదురొస్తుంది. మంచి షాట్‌కూ షాంక్‌కూ మధ్య దూరం రెండంగుళాలు కూడా ఉండదు. "వేగంగా" అన్న తొందరలో మీరు రెండు కాళ్లతో నేలను ఒకేసారి తన్ని పైకి లేస్తున్నారని నా అంచనా. మీ కుడి పక్క నుంచి, అంటే మీకు వెనకాల టార్గెట్ వైపు చూసేట్టు, చేతుల ఎత్తులో ఫోన్ పెట్టి వీడియో తీయండి. స్టాన్స్‌లో మీ పిరుదులను తాకేట్టు తెర మీద ఒక నిలువు గీత గీయండి. ఇంపాక్ట్‌లో ఆ గీతకూ మీకూ మధ్య సందు కనిపిస్తే నా అంచనా నిజం. మంచి ఆటగాళ్లకు ఎడమ పిరుదు ఆ గీతను తాకుతూనే ఉంటుంది, కొంతమందికి గీత దాటి వెనక్కి పోతుంది.

అంటే తుంటికి కావలసింది వేగం కన్నా ముందు జాగా. జాగా వెనక ఉంటుంది. మీరు మనసులో పెట్టుకోవాల్సిన మాట ఒకటే: ఎడమ వెనక జేబు వెనక్కి. "హిప్స్ తిప్పు" అనుకుంటే శరీరం ఎటో ఒకవైపు తిప్పేస్తుంది. "ఎడమ వెనక జేబును నా వెనకనున్న గోడకు తాకించాలి" అనుకుంటే అది తిరగడానికి వేరే దారి ఉండదు.

ఆ గోడ దగ్గరే మొదలుపెట్టండి. క్లబ్ వద్దు. గోడకు వీపు పెట్టి, స్టాన్స్‌లో వంగితే పిరుదులు గోడకు తగీ తగలనట్టుండే దూరంలో నిలబడండి. చేతులు ఛాతీ మీద కట్టుకోండి. బ్యాక్‌స్వింగ్‌లా కుడికి తిరగండి. కుడి పిరుదు గోడకు ఆనుతుంది, ఎడమది గోడ వదులుతుంది. ఇప్పుడు కిందికి వచ్చేటప్పుడు కుడిది గోడను వదలకముందే ఎడమది వచ్చి తాకాలి. ఒక్క క్షణం రెండూ గోడ మీదే ఉంటాయి, మోకాళ్లు కొద్దిగా విచ్చుకుని కుర్చీలో కూర్చోబోతున్నట్టు ఉంటుంది. పాతతరం అమెరికన్ గోల్ఫర్ శామ్ స్నీడ్ డౌన్‌స్వింగ్ మొదట్లో ఇలా కూర్చున్నట్టు కనిపించేవాడు, ఇప్పటికీ కోచ్‌లు దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ క్షణం తర్వాత ఎడమ పిరుదు గోడ మీద రాసుకుంటూ తిరుగుతుంది, కుడిది అప్పుడు వదులుతుంది. రోజుకు ఇరవై సార్లు, నెమ్మదిగా. పది లెక్కపెడుతూ ఒకటి చేయగలిగితే అంత మంచిది. నెమ్మదిగా చేయలేనిది పావు సెకనులో ఎలాగూ రాదు.

రెండోది అడుగు డ్రిల్. బరువు ఎప్పుడు మారాలో ఇది నేర్పినట్టు ఏ మాటా నేర్పలేదు. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి నిలబడండి. క్లబ్‌ను వెనక్కి తీసుకెళ్లండి. అది ఇంకా వెనక్కి వెళ్తుండగానే ఎడమ కాలిని టార్గెట్ వైపు వేయండి, పాదం నేలకు ఆనాక కొట్టండి. "ఇంకా వెనక్కి వెళ్తుండగానే" అన్నది ముఖ్యం. నేల మీద పాదాల ఒత్తిడి కొలిచే పలకల మీద నిలబెట్టి చూసినప్పుడు తేలింది ఇదే: మంచి ఆటగాళ్లు క్లబ్ పైకి చేరకముందే ఎడమ వైపుకు మారడం మొదలుపెడతారు, ఇంపాక్ట్‌కు ఒత్తిడిలో నాలుగింట మూడొంతులకు పైగా ఎడమ పాదం కిందే ఉంటుంది. అమెచ్యూర్లు క్లబ్ పైన ఆగాక "ఇప్పుడు మారాలి" అనుకుంటారు. అప్పటికే ఆలస్యం. బంతి విసిరేటప్పుడు ఎవరైనా చేయి వెనక్కి వెళ్తుండగానే ముందుకు అడుగేస్తారు, ఎవరూ నేర్పకుండానే. మీ శరీరానికి ఇది ముందే తెలుసు. మొదట బంతి లేకుండా పదిసార్లు, తర్వాత చిన్న టీ (బంతిని నిలిపే పుల్ల) మీద బంతి పెట్టి 8 ఐరన్‌తో సగం బలంతో. ఎడమ కాలి మీదికి వచ్చేటప్పుడు కటి కొంచెం, ఒకట్రెండు అంగుళాలు, పక్కకు జరుగుతుంది. అది తప్పు కాదు. జరుగుతూనే పోయి, తిరగడం మరిచిపోతేనే తప్పు.

మూడోది డ్రిల్ అని కూడా అనలేం, ఒక అలవాటు. ప్రతి షాట్ తర్వాత ఫినిష్‌లో, అంటే స్వింగ్ ముగిసిన భంగిమలో, మూడు లెక్కపెట్టే దాకా నిలబడండి. బరువంతా ఎడమ మడమ మీద, బెల్టు బకిల్ టార్గెట్ వైపు, కుడి పాదం బొటనవేలి కొస మీద ఉండి దాని అడుగు భాగం మొత్తం వెనక ఉన్నవాళ్లకు కనిపించాలి. నిలబడలేక తూలితే బరువు సరిగ్గా మారలేదని అర్థం. పక్కన కోచ్ లేకపోయినా మీకు ఉన్నది ఉన్నట్టు చెప్పేది ఇదొక్కటే.

ఇప్పుడు మీ ఉద్యోగం సంగతి. రోజంతా కూర్చునేవాళ్లకు తుంటి ముందు కండరాలు పొట్టివైపోతాయి, పిరుదుల కండరాలు పని మరిచిపోతాయి. అందుకే నేర్పే ముందు తుంటి ఎంత తిరగగలదో కొలవాలి. కుర్చీ అంచున మోకాళ్లు 90 డిగ్రీలు వంచి కూర్చోండి. ఎడమ మోకాలు కదలకుండా పాదాన్ని మాత్రం బయటి వైపుకు జరపండి. చూడటానికి పాదం బయటికి పోతున్నా, లోపల తొడ ఎముక లోపలికి తిరుగుతోంది. 30 డిగ్రీలు వస్తే ఆటకు సరిపోతుంది. ఎడమ తుంటిలో ఈ తిప్పు డౌన్‌స్వింగ్‌కు, ఫినిష్‌కు కావాలి, కుడి తుంటిలో బ్యాక్‌స్వింగ్‌కు కావాలి. నడుము నొప్పి ఉన్న గోల్ఫర్లను పరీక్షించినప్పుడు ఎడమ తుంటిలో, అంటే టార్గెట్ వైపు తుంటిలో, ఈ తిప్పు తక్కువగా కనిపించిందని పరిశోధనలు చెప్తున్నాయి. తుంటి ఇవ్వనిదాన్ని శరీరం నడుము నుంచి లాక్కుంటుంది.

ఎడమ తుంటి తక్కువ తిరుగుతుంటే ఈరోజే చేయగలిగిన మార్పు ఒకటుంది. స్టాన్స్‌లో ఎడమ పాదాన్ని టార్గెట్ వైపు 25, 30 డిగ్రీలు తెరిచి పెట్టండి. తుంటికి అంత మేర ముందే దారి దొరుకుతుంది. కుడి తుంటి బిగుసుకుపోయి ఉంటే కుడి పాదాన్నీ కొద్దిగా తెరవండి, బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ మడమ లేస్తుంటే లేవనివ్వండి. మడమ లేవడం తప్పని మీకు ఎవరో చెప్పే ఉంటారు. 18 మేజర్లు (గోల్ఫ్‌లో అతిపెద్ద టోర్నీలు) గెలిచిన జాక్ నిక్లాస్ ఎడమ మడమ లేచేది, ఆయన కటి బ్యాక్‌స్వింగ్‌లో ధారాళంగా తిరిగేది. 1990ల్లో కటిని ఆపి భుజాల్ని మాత్రమే తిప్పాలి, రెండింటికీ ఎంత తేడా ఉంటే అంత దూరం పోతుంది అన్న మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. ఇరవై ఏళ్ల కుర్రాడి వెన్నుకు అది సరిపోవచ్చు. 46 ఏళ్ల వయసులో, రోజంతా కూర్చునే మనిషికి, వెనక్కి వెళ్లేటప్పుడు కటిని ఆపమని నేనెప్పుడూ చెప్పను. వెనక్కి తిరగనిది ముందుకు ఎక్కడినుంచి తిరుగుతుంది?

వ్యాయామాలు మూడు చాలు, ఎక్కువ రాస్తే ఏదీ చేయరు. నేల మీద కూర్చుని ఎడమ కాలిని ముందు 90 డిగ్రీలు, కుడి కాలిని పక్కన 90 డిగ్రీలు మడిచి, వీపు నిటారుగా ఉంచి ముప్పై సెకన్లు ఉండండి, తర్వాత వైపు మార్చండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పిరుదుల్ని బిగించి కటిని పైకెత్తడం పదిహేను సార్లు. మూడోది స్వింగ్‌కు నేరుగా పనికొచ్చేది: స్టాన్స్‌లో నిలబడి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఛాతీ ఏమాత్రం కదలకుండా కటిని మాత్రం కుడికీ ఎడమకూ తిప్పాలి. మొదటిసారి చాలామందికి రాదు, భుజాలు కూడా తిరిగిపోతాయి. రాకపోతే ఎదురుగా కుర్చీ వీపు పట్టుకుని చేయండి. కటి, ఛాతీ విడివిడిగా కదలడం వచ్చిన రోజున కొరడా వరసకు తలుపు తెరుచుకుంటుంది. ఇవన్నీ కలిపి పది నిమిషాలు. వారానికి ఒకరోజు గంటసేపు చేయడం కన్నా రోజూ పది నిమిషాలే మేలు. ఆఫీసులో గంటకొకసారి లేచి రెండు నిమిషాలు నడిస్తే అదీ ఇందులో భాగమే.

నొప్పి గురించి మాత్రం నిదానంగా ఉండండి. మర్నాటికి తగ్గిపోయే పట్టు వేరు. నొప్పి కాలిలోకి దిగుతుంటే, తిమ్మిరి వస్తుంటే, రాత్రి నిద్ర లేపుతుంటే క్లబ్ పక్కన పెట్టి డాక్టర్‌కు చూపించుకోండి, ఆ తర్వాతే మిగతావన్నీ. కూర్చుని తుంటి కొలిచేటప్పుడు గజ్జలో చురుక్కుమని గుచ్చినట్టయినా బలవంతంగా తిప్పకండి. కొందరికి ఎముక ఆకారమే అంతవరకు తిరగనిస్తుంది, వాళ్లకు పాదాలు తెరవడమే సరైన దారి. టైగర్ వుడ్స్‌కు 2014 నుంచి 2017 మధ్య వీపుకు నాలుగుసార్లు శస్త్రచికిత్స జరిగింది. అంత శిక్షణ పొందిన శరీరానికే అన్ని ఆపరేషన్లు పట్టాయి. వార్మప్ లేకుండా కుర్చీలోంచి లేచి నేరుగా డ్రైవర్ తీసేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. నేనూ కొన్నేళ్లు అలాగే చేశాను, రెండు నెలలు ఆట మానేయాల్సి వచ్చింది. అప్పటినుంచి మొదటి బంతికి ముందు పది నిమిషాల నడక, గోడ డ్రిల్ తప్పనిసరి.

రేంజ్‌లో ఎలా గడపాలో కూడా చెప్పాలి. గంటలో వంద బంతులు కొట్టడం మానేయండి. ముప్పై బంతులు తీసుకోండి. ఒక్కో బంతికి ముందు నాలుగైదు సార్లు బంతి లేకుండా నెమ్మదిగా తిరగండి, ఎడమ జేబు వెనక్కి వెళ్లడం తెలియాలి. తర్వాత సగం బలంతో కొట్టండి. సగం బలంతో ఎడమ జేబు వెళ్తేనే ముప్పావు బలానికి పెంచండి, వెళ్లడం ఆగిన చోట మళ్లీ కిందికి దిగండి. షాంక్ పడితే వెంటనే ఇంకో బంతి లాక్కోకండి, ఒక్కసారి వెనక్కి తగ్గి గోడను ఊహించుకుని మళ్లీ మొదలుపెట్టండి. కోర్సులో ఆడేటప్పుడు ఇవేమీ ఆలోచించకండి. పావు సెకనులో మూడు ఆలోచనలకు చోటు లేదు. ఒక్క మాట కావాలనుకుంటే "జేబు" చాలు, అదీ బంతి ముందు నిలబడేదాకే. ఆ తర్వాత టార్గెట్ చూసి కొట్టండి.

ఎన్నాళ్లు అని అడిగారు. షాంక్ ముందు తగ్గుతుంది. గోడ డ్రిల్ రోజూ చేస్తే రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుంది. గ్రిప్ మార్చినందుకు మొదటి నెల స్కోర్లు పెరుగుతాయి, దానికి సిద్ధంగా ఉండండి. బరువు మారే టైమింగ్ ఒంటబట్టడానికి రెండు మూడు నెలలు. తుంటి వదులవడం అన్నిటికన్నా నెమ్మది, ఆ కుర్చీ పరీక్షను నెలకొకసారి చేసి రాసి పెట్టుకోండి. వీడియో కూడా నెలకొకటి, ఒకే చోట ఫోన్ పెట్టి, ఒకే క్లబ్‌తో. ప్రతి షాట్‌కూ వీడియో చూసుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఈ మధ్యలో ఎవరైనా "ఇంకా ఫాస్ట్‌గా తిప్పు" అంటే నవ్వి ఊరుకోండి. వరస కుదిరాక వేగం దానంతటదే వస్తుంది, అప్పుడు మీరు ఆపాలన్నా ఆగదు.

డ్రైవర్ మార్చే ఆలోచన ప్రస్తుతానికి వద్దు. ఇప్పుడున్న స్వింగ్‌కు సరిపోయేట్టు కొన్న డ్రైవర్ మూడు నెలల తర్వాతి స్వింగ్‌కు సరిపోదు. అసలు మొదటి నెల దాన్ని బ్యాగులోనే ఉంచండి. పొడుగాటి క్లబ్ చేతికి రాగానే పాత తొందర తిరిగొస్తుంది. టీ మీద నుంచి డ్రైవర్ కన్నా పొట్టివైన 5 వుడ్‌తోనో హైబ్రిడ్‌తోనో ఆడండి. 8 ఐరన్‌తో వరుసగా పది షాట్లు కొట్టి, పదింటికీ ఫినిష్‌లో మూడు లెక్కపెట్టే దాకా నిలబడగలిగిన రోజున డ్రైవర్ కవర్ తీయండి.